ఏ భాష నేర్చుకోమంటారు, పెలెనాటో మాస్టారూ?

పెలెనాటో మాస్టారిని కంప్యూటరు గురించి ఏమడిగినా, ఆయన తిరిగి మన ఇరుగుపొరుగు గురించి అడుగుతారు. సమోవా దీవుల్లోని ఆపియా ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. బళ్ళో కంప్యూటరు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి గనక, డేటాబేస్ పెట్టి వెబ్‌సైటు కట్టాలనుకునే ప్రతివాళ్ళూ ఆయన గుమ్మమే ఎక్కుతారు. రొట్టెల కొట్టు మలియాకి పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకోమన్నారు. మర్నాడు ఆమె అన్నకి జావా అన్నారు. ఇద్దరికీ కావలసింది ఒకటే పని, చోద్యం కాకపోతే!

"మాస్టారికి పొద్దున లేవగానే ఏది గుర్తొస్తే అదే గొప్ప భాష!" అని బజారంతా నవ్వుకునేది.

పెనీనాకి మాత్రం ఇది నవ్వులాట కాదు. పడవల ఆఫీసులో టిక్కెట్లు రాసే ఉద్యోగం ఆమెది. బుకింగులు వెబ్‌లోకి ఎక్కించడం నేర్చుకుంటే సరేసరి, లేదంటే ఆ కుర్చీలోకి ఆక్లండ్ నుంచి ఎవరో వస్తారని మేనేజరు తేల్చి చెప్పేశాడు.

"మాస్టారూ, ఏ భాష నేర్చుకోమంటారు?"

"చర్చిలో పాడతావా తల్లీ?"

"పాడతాను. అయితే?"

"నీ వెనక వరసలో ఎవరుంటారు?"

"ఫిలిపో. నా చెవిలోనే అరుస్తాడు."

"అయితే పీహెచ్‌పీ నేర్చుకో."

"ఫిలిపో అరుపులకీ పీహెచ్‌పీకీ ఏమిటండీ సంబంధం?"

"కోకో తాగుతావా?" అన్నారాయన.

ఒళ్ళు మండినా, వేరే దిక్కులేక పీహెచ్‌పీయే పట్టుకుంది. మొదట్లో బాగానే నడిచింది. ఆ తరువాత ఆమె కట్టిన బుకింగు పేజీ ఒకే సీటును ఇద్దరికి అమ్మడం మొదలుపెట్టింది. ఎంత కుస్తీపట్టినా తప్పు దొరకలేదు. మేనేజరు మొహం మాడ్చుకున్నాడు. పెనీనా ఏడుపు మొహంతో పాటల ప్రాక్టీసుకి వెళ్ళింది.

వెనకనుంచి ఫిలిపో వంగి, "ఏమే, ఎప్పుడడుగుతావు? ఎదురుచూసి చూసి విసుగొస్తోంది!" అన్నాడు.

"ఏమడగాలి?"

"పీహెచ్‌పీ గురించే! బ్యాంకులో నా పని అదేగా. మాస్టారు కొబ్బరిపాలతో వండిన పలుసామి కూర గిన్నెడు పట్టుకొచ్చి, 'ముందువరస పిల్ల తనంతట తనే అడుగుతుంది, కసురుకోకు' అని ఒట్టేయించుకుని మరీ వెళ్ళారు. మలియా పక్కింట్లో పైథాన్ వచ్చినాయన ఉన్నాడే, ఆయనకీ ఓ గిన్నె ముట్టిందట!"

ప్రాక్టీసు అయ్యాక ఇద్దరూ చర్చి మెట్లమీదే కంప్యూటరు తెరిచారు.

"సీటు ఖాళీయేనా అని చూడ్డం ఒకసారి, పేరు రాయడం ఇంకోసారి చేస్తున్నావు. ఈలోగా మరొకడు దూరుతున్నాడు. రెండూ కలిపి ఒకే ముడి వెయ్యి," అన్నాడు ఫిలిపో.

వేసింది. సీట్లు కుదిరాయి, ఉద్యోగం నిలిచింది. పెనీనా తిన్నగా మాస్టారింటికి పరిగెత్తింది.

"నిజం చెప్పండి. వీటిలో ఏది మంచి భాష?"

"మన పనికి ఏదైనా ఒకటేనమ్మా. చిక్కుపడ్డప్పుడు అడగడానికి పక్కన మనిషుండాలి. ఒంటరిగా కూర్చుని నేర్చుకోబోయి నేనెన్ని వదిలేశానో!"

ఆయన మీద ఇన్నాళ్ళూ విసుక్కున్నందుకు పెనీనాకి సిగ్గేసింది.

"మరి చుట్టుపక్కల ఎవరికీ ఏదీ రాకపోతే?"

మాస్టారు తల గోక్కున్నారు. "మనోనో దీవిలో నర్సమ్మ ఒకావిడ అలాగే తగిలింది. రూబీ అనేశాను. తీరా చూస్తే అది నాకూ రాదు! సరే, ఆవిడకి తోడుగా నేనూ మొదలుపెట్టాను."

"వచ్చిందా?"

"ఆవిడకి వచ్చేసింది. వారంవారం పడవెక్కి వెళ్ళి నేనే చెప్పించుకుంటున్నాను."