బోటు నాదేనండీ!

ఐదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసి, గిలకలదిండి రేవులో చేపల బోటు నడిపే సరంగునయ్యాను. మా అమ్మాయికి మాత్రం ఇంజనీరింగ్‌ సీటొచ్చింది. ఆదాయ ధ్రువపత్రం ఇస్తే ఫీజు ప్రభుత్వమే కడుతుంది. లేదంటే చదువు ఆగిపోయినట్టే. అది ఇవ్వడానికి మర్నాడే ఆఖరి రోజనగా జరిగిందిది.

ఆ ఉదయం రేవులో వల బాగుచేస్తుంటే, చంకలో ఫైలుతో ఒకాయన వచ్చి, "ఈ బోటెవరిదండీ?" అన్నాడు. నడిపే బోటును నాదనడం మా సరంగులందరికీ అలవాటే. పైగా నాకు నోటిదూల. "నాదేనండీ! ఇంకోటి కూడా కొంటున్నాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. "మీ అమ్మాయి ఆదాయ ధ్రువపత్రం ఎంక్వైరీకి రెవెన్యూ ఆఫీసు నుంచి వచ్చాను. రెండు బోట్ల ఆసామికి ఆదాయం తక్కువని ఎలా రాయమంటారు?" అంటూ వెనుదిరిగాడు.

వల అక్కడే పడేసి, "హాస్యానికన్నానండీ!" అంటూ వెంటపడ్డాను.

"ఏది హాస్యం? బోటా, బీదతనమా?" అన్నాడాయన.

ఐసు ఫ్యాక్టరీ దాకా బతిమాలుతూనే నడిచాను. అదృష్టం కొద్దీ అక్కడ మా బోటు అసలు ఓనరు కనిపించాడు. సంగతి విని, సంచిలోంచి బోటు కాగితాలు తీసి ఆ ఆఫీసరుకు చూపించాడు.

"వీడి మాట నమ్మకండి సార్‌. వేటకెళ్ళేటప్పుడు బోటు వీడిది, డీజిల్‌ పోయించేటప్పుడు నాది!"

అప్పుడు నవ్వాడాయన. అక్కడే నిలబడి రిపోర్టు రాశాడు.

మా అమ్మాయి ఇంజనీరైంది. నా నోటిదూల తగ్గలేదు. కానీ బోటెవరిదని ఎవరడిగినా, ముందు వాళ్ళ చంకలో ఫైలుందేమో చూసుకుంటాను.