సమీక్ష మేస్టారు, ఉప్పునేల చెరుకు

సూర్యనారాయణమూర్తి మేస్టారికి ఒక్కటే జబ్బు. నిపుణుడు సరిచూడనిదే దేన్నీ నమ్మరు. భార్య సూర్యకాంతమ్మ ఉప్మా చేస్తే, ముందు పక్కింటి నానాజీని పిలిచి రుచి చూపిస్తారు.

"నేను చేసేను, నేనే రుచి చూసేను. చాలదేటి?" అంటుందావిడ.

"చేసినవాళ్లే సరిచూసుకుంటే అది సమీక్ష ఎలా అవుతుందే?" అంటారు మేస్టారు. ఈ సిద్ధాంతం పుణ్యమా అని నానాజీ ఇంట్లో పొద్దుటిపూట పొయ్యి వెలిగి ఆరేళ్లయింది.

అనకాపల్లిలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాక, జిల్లా జనమంతా కలిసి నెట్‌లో రాసుకునే విజ్ఞాన సర్వస్వం ఆయన చేతికి చిక్కింది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అని దాని నియమం. ఎవరేం రాసినా మేస్టారు కొట్టేస్తారని ఎక్కడా రాసిలేదు గానీ జరిగేది అదే. సొంత బావమరిది ఫణీంద్ర తన సొంతూరు చీడికాడ గురించి రాస్తే, 'అక్కడ పుట్టడం అర్హత కాదు' అని కొట్టిపారేశారు.

ఆయన పాత స్టూడెంటు నాగజ్యోతి బెల్లం వంట గురించి ఓ పేజీ రాసింది. 'పాకం ఎప్పుడు దించాలో బుడగ చూసి తెలుసుకోవాలి' అన్న వాక్యాన్ని మేస్టారు కొట్టేశారు. మళ్లీ రాసింది. మళ్లీ కొట్టేశారు. మూడోసారి పేజీకే తాళం వేసి, 'నిపుణుల సమీక్షలో ఉంది' అని బోర్డు పెట్టారు.

ఆ వాక్యం చెప్పింది మునగపాకలో బెల్లం వండే ఆమె తండ్రి నూకరాజు. తన మాట ఫోన్లో వచ్చిందని అప్పటికే ఊరందరికీ చూపించుకున్నాడు. దాన్ని కొట్టేశారని తెలిసి, "పోన్లేమ్మా, మనకి సదువు లేదు కదా" అన్నాడు. ఆ మాటకి నాగజ్యోతికి ఒళ్లు మండిపోయింది.

నాలుగు మాటలు దులిపేద్దామని వెళ్తే మేస్టారు ఇంట్లో లేరు. "తెల్లారే థర్మామీటరు పట్టుకుని మునగపాక ఆటో ఎక్కేరమ్మా, ఎవరో నిపుణుడంట" అంది సూర్యకాంతమ్మ.

వెళ్లి చూస్తే, తండ్రి బెల్లం వండే పెనం పక్కన పొగలో మేస్టారు గొంతుక్కూర్చుని ఉన్నారు.

"నూకరాజుగారూ, నూట పద్దెనిమిది డిగ్రీలొచ్చింది. పుస్తకం దించేయమంటోంది."

"దానికేటి తెలుసు మేస్టారూ! ఇది ఉప్పునేల సెరుకు. ఇప్పుడు దించితే దిమ్మ కట్టదు. ఆ బుడగ సూడండి, ఇంకా ముదరాల."

మేస్టారు థర్మామీటరు జేబులో పెట్టేసి, నోట్‌బుక్కులో రాసుకున్నారు. తన తండ్రిని 'గారూ' అన్న మనిషిని నాగజ్యోతి చూడ్డం అదే మొదటిసారి. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ మర్చిపోయింది.

"మరి నా వాక్యం ఎందుకు కొట్టేసేరు మేస్టారూ?"

"తప్పని కాదమ్మా. చెప్పినాయన పేరేదీ? పేరు లేని మాటని ఎవడైనా చెరిపేస్తాడు. నిపుణుడి పేరుంటే, చెరిపే ముందు ఆయన్ని అడగాలి."

సాయంత్రానికి తాళం తీశారు. వాక్యం మళ్లీ వచ్చింది. కింద 'సమీక్షకులు: శ్రీ నూకరాజు, బెల్లం వంటలో ముప్పై రెండేళ్ల అనుభవం' అని ఉంది. ఆ లైను నూకరాజు కూతురి చేత నాలుగుసార్లు చదివించుకున్నాడు.

తర్వాత మేస్టారు, చెరుకురసంలో మడ్డి తేలడానికి సున్నం ఎంత కలపాలో తాను కొత్తగా చేర్చిన పేరా చదివి వినిపించారు. నూకరాజు గొంతు సవరించుకున్నాడు.

"ఆ సున్నం కొలత తప్పు మేస్టారూ. నేలని బట్టి మారతాది. కొట్టేయండి."

ముప్పయ్యేళ్ల కెమిస్ట్రీని మేస్టారు అక్కడికక్కడే కొట్టేశారు. అంత సంతోషంగా ఆయన దేన్నీ కొట్టేయగా నాగజ్యోతి చూడలేదు.