గాలి కబురుకు మనిషి సాక్ష్యం

వరంగల్ మిర్చి వ్యాపారులలో కాచం శ్యాంసుందర్ సేటుది ఒక విలక్షణమైన నియమం. తీగె గుండా రాని సమాచారాన్ని ఆయన సమాచారమని అనరు. "గాలిల వచ్చింది గాలి కబురే. దానికి మనిషి సాక్ష్యం గావాలె" అంటారు.

ఈ నియమానికి ఇంటా బయటా మినహాయింపు లేదు. మధ్యాహ్నం కాగానే ఇల్లాలు కళావతి "వంటైంది, తిననీకి రాన్రి" అని వాట్సాప్ పంపుతుంది. సేటు దానిని రెండుమార్లు చదివి, చెప్పులు తొడుక్కుని, ఇంటికి వెళ్లి, వాకిట్లోనే నిలబడి అడుగుతారు.

"మెసేజి నువ్వే వెట్టినవా?"

"నేను గాక ఎవరు వెడ్తరు? ఎట్లాగూ వచ్చిన్రు గద, కూసోని తినున్రి."

"ఇప్పుడు తిననీకి రాలె. తస్దీకు జేసుకుందామని వచ్చిన."

ఆ నిర్ధారణ ముగించుకుని, మిర్చి బస్తాలు నిలవచేసే తన కోల్డ్ స్టోరేజీకి తిరిగి వెళ్లి, అక్కడి నుండి భోజనానికి మళ్లీ బయలుదేరుతారు. డోర్నకల్‌లో మేనకోడలికి కొడుకు పుట్టాడని ఫొటోతో సహా వార్త వచ్చినప్పుడు, అక్కడి మనిషి రైలు దిగి వచ్చి చెప్పేదాకా పేడాల డబ్బా మూత తియ్యలేదు. ఆ మనిషి వచ్చేలోగా పిల్లవాడికి ఇరవై ఒకటో రోజు గడిచి, పేరు కూడా పెట్టేశారు.

అటువంటి మనిషి వద్దకు మేనేజరుగా వచ్చింది సుకన్య. హన్మకొండ పిల్ల, ఎంబీఏ చదివింది. స్టోరేజీలోని ఆరు గదులలోనూ గోడలకు చిన్న చిన్న డబ్బాలున్నాయి. అవి లోపలి చలిని కొలిచి, తీగె లేకుండానే ఆఫీసు కంప్యూటరుకు పంపుతాయి. మూడేళ్లుగా పంపుతూనే ఉన్నాయి, మూడేళ్లుగా సేటు నమ్మకుండానే ఉన్నారు. డబ్బా ఆరు డిగ్రీలనగానే, అరవై దాటిన పాత నౌకరు వెంకటయ్య ఉన్ని కోటు తొడుక్కుని, థర్మామీటరు పట్టుకుని గదిలోకి వెళ్లి వచ్చి, "ఆరే సేటూ" అంటాడు. అప్పుడది ఆరు అవుతుంది.

వ్యాపారంలో భాగస్వామి, సేటుకు అన్న కొడుకు అయిన అనిల్ హైదరాబాదులో ఉంటాడు. సుకన్యను కొలువులో పెట్టింది అతడే. చెప్పవలసినది సూటిగానే చెప్పాడు.

"మా చిన్నాయనకు వైర్‌లెస్ అర్థం చేయించు. ఒకటో తారీఖు లోపట నమ్మిండని రిపోర్టియ్యి. ఆ రిపోర్టు చేతికొస్తే వెంకటయ్యను పంపిచ్చేద్దాం. ఒక్క పనికి మిషినీ, మనిషీ రెండెందుకు?"

కొత్త కొలువు, కాదనే వీలు లేదు. సుకన్య మర్నాడే తెల్లబోర్డు తెచ్చి పాఠం మొదలుపెట్టింది.

"సార్, వైర్‌లెస్‌ల మూడు చూడాలె. ఎంత దూరం పోతది, ఎంత జల్ది పోతది, బ్యాటరీ ఎన్నాళ్లుంటది. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతది."

సేటు కనుబొమలు ముడిచి, గొప్ప శ్రద్ధతో విన్నారు.

"అంత చలిల సిగ్నల్ గడ్డగట్టదా, బిడ్డా?"

"గట్టదు సార్."

"మిర్చి బస్తాల మీదికెల్లి పోతాంది గద. ఘాటు తగిలి నడుమల తుమ్మితే? ఆరు కాస్త అరవై అయితే?"

"సిగ్నల్ తుమ్మదు సార్!"

"నువ్వు చూసినవా?"

చూడలేదని సుకన్య ఒప్పుకోక తప్పలేదు. సేటు తృప్తిగా తల పంకించి కేక వేశారు. "ఎంకటయ్యా! జర పోయి చూసి రారాదూ!"

ఇరవై రోజులు ఇదే వరుస. సుకన్య బోర్డు మీద అలలు గీసింది, బాణాలు గీసింది. చివరికి తన నుదుటి గీతను తానే తిట్టుకుంది.

నెలాఖరున ఒక ఉదయం మూడో గదిలోని ఒక డబ్బా నుండి లెక్కలు రావడం ఆగిపోయింది. వెంకటయ్య ఐదో గదిలో ఉన్నాడు. సుకన్యే వెళ్లి తలుపు తీసింది. లోపల నిచ్చెన మీద, చేత స్క్రూడ్రైవరుతో, డబ్బా విప్పి బ్యాటరీ మారుస్తూ, తనలో తాను గొణుక్కుంటూ సాక్షాత్తు శ్యాంసుందర్ సేటు!

"బస్తాల నడుమ ముంచిన్రు దీన్ని. మిర్చి తేమ సిగ్నల్‌ను మింగుతది, ఇనుప తలుపు ఎనుకకు కొడ్తది. జర పైకి గట్టాలె. నిమిషానికోపాలి పంపుడు దేనికి, చలి ఏమన్న ఉరుకుతాందా? పావుగంటకోపాలి పంపితే బ్యాటరీ రెండేండ్లొస్తది."

సుకన్య ఇరవై రోజులు చెప్పిన పాఠమంతా, చెప్పలేకపోయినది కూడా, ఆ నాలుగు మాటలలో ఉంది.

"సార్!"

నిచ్చెన ఊగింది. "గాలి కబురు..." అని మొదలుపెట్టి, సేటు చేతిలోని స్క్రూడ్రైవరును చూసుకుని ఆగిపోయారు.

"మీకంతా తెలుసు!"

"మెల్లగ, బిడ్డా. ఎంకటయ్య ఇంటడు." సేటు దిగి వచ్చి, బస్తా మీద కూర్చున్నారు. "ఈ డబ్బాలు తెప్పిచ్చిందే నేను. బిగిచ్చిన దినమే ఎంకటయ్య కోటు మడతవెట్టి నా బల్ల మీద వెట్టిండు. 'ఇగ నాతోటి పనేమున్నది సేటూ, డబ్బ జూస్తాంది గద' అన్నడు. ఇంటికాడ కూసో, జీతం పంపుత అన్న. చెయ్యని పనికి జీతం దీసుకోను అన్నడు. ఇరవై రెండేండ్లు ఈ చలిల తిరిగిండు. ఏం జెయ్యాలె? 'నాకీ గాలి కబుర్లు నమ్మబుద్ధి అయితలేదు, పోయి చూసిరా' అన్న. కోటు మల్ల తొడుక్కున్నడు. గప్పటిసంది నాకేం తెల్వకుంట అయింది."

"మరి ఇంట్ల కళావతమ్మను గూడ...?"

"ఏషమేసినంక ఇంట్ల విప్పితే ఊరంత తెలుస్తది. ఆమెకు మాత్రం చెప్పకు. మూడేండ్లు చల్లారిన కూరలకు నన్ను నిలదీస్తది."

ఒకటో తారీఖున సుకన్య అనిల్‌కు రిపోర్టు తయారుచేసింది. శ్యాంసుందర్ గారికి వైర్‌లెస్ పరిజ్ఞానం ఏ మాత్రమూ పట్టుబడలేదనీ, పది మీటర్లే పోయే బ్లూటూత్‌కూ వైఫైకీ తేడా చెప్పినా తెలియదనీ, ఈ స్థితిలో వెంకటయ్యను తొలగిస్తే సరుకుకే ప్రమాదమనీ, శిక్షణను ఇంకొక మూడేళ్లు పొడిగించాలనీ రాసింది. పంపే ముందు మర్యాద కోసం సేటుకు చూపింది.

సేటు అద్దాలు సవరించుకుని, మొదటి నుండి చివరి దాకా నిదానంగా చదివారు. జేబులోని కలం తీసి ఒక వరుస కింద గీత గీశారు.

"బ్లూటూత్ పది మీటర్లే పోతదని రాసినవు. అది పాత ముచ్చట. కొత్తది ఇంకా శాన దూరం పోతది. దిద్దు, బిడ్డా. నాకేం తెల్వదని రాసిన కాయిదంల తప్పులుంటే నాకే నామోషి."