పందికొక్కు దాచిన మా ఊరి వడ్లు

డెబ్బైల మొదట్లో, గోదావరిఖనిలో మా క్వార్టరు వెనక నాకొక వరిపొలం ఉండేది. విస్తీర్ణం చెబితే జమీందార్లు కుళ్లుకుంటారు: రెండు నులక మంచాలు వేస్తే మూడోదానికి చోటుండదు. గనిలోంచి మోటార్లు తోడిపోసే నీళ్లు మా గోడ వెనక కాలువై పారేవి. ఆ బురద చూశాక నా చేతులు ఊరుకోలేదు.

అందులో వేసింది మా తల్లిగారి ఊరి వడ్లు. ఆ ఊరు గని కిందికి పోయింది. మావాళ్లు తలా ఒక దిక్కయ్యారు. అమ్మ నా కొంగులో కట్టిన ఆ వడ్లు తప్ప, నాకో ఊరుండేదని చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఏటా విత్తనానికి తీసిపెట్టగా మిగిలినవి దంచితే ఒక్కపూట అన్నం. ఆ వాసనకు రామగుండం స్టేషన్లో రైళ్లు ఆగిపోయేవి. ఎలాగూ ఆగేవే అంటారా? సరే, ఇంకాస్త ఎక్కువసేపు ఆగేవి.

ఆ ఏడు గింజ గట్టిపడే వేళకు కంకులు మాయం కాసాగాయి. పొద్దున్నే చూస్తే దుబ్బులు కత్తెర పెట్టినట్టు ఏటవాలుగా తెగి ఉండేవి. గట్టులో పిడికిలి దూరేంత బొక్క, దాని ముందు కొత్తమట్టి గుట్ట. దానిమీద మేకల మందను మేపుకోవచ్చు.

మా ఆయన గనిలో పైకప్పు కూలకుండా దిమ్మలు నిలబెట్టే పనివాడు. డ్యూటీ దిగొచ్చి వంగి చూసి, "ఎలుకనే, పోనియ్యి" అన్నాడు. గనివాళ్లు ఎలుకను చంపరు. పైకప్పు కూలేముందు మొదట ఉరికేది అదే. దాని వెనక వీళ్లు ఉరుకుతారు. అందుకే సద్దిలో మొదటి ముద్ద దానికే.

"ఎలుకకు గంత బొక్క ఎందుకురా?" అంది మా అత్తమ్మ. "లోపట గుర్రుమంటున్నది, చెవి పెట్టి ఇను. పందికొక్కు అది."

"ఏదైతేంది అవ్వా, అన్నీ ఒక్క జాతే. నేను చంప."

"మరి నా వడ్లు?" అన్నాను. "గవి పోతే మా ఊరు రెండోసారి పోయినట్టే."

ఆయన కర్ర తెచ్చి గట్టును తట్టుకుంటూ, చప్పుడు వింటూ నడిచాడు. గనిలో పైకప్పును అలాగే తట్టి చూస్తారట. ఒకచోట ఆగి, "ఇగో, గీడ డొల్ల" అన్నాడు.

నాలుగు గడ్డపార పోట్లతో తేలే పనికి ఆయన పక్కనుంచి సొరంగం తవ్వడం మొదలుపెట్టాడు. మట్టి కూలి లోపలి జీవి నలగకుండా నా వంటకట్టెలన్నీ దిమ్మలుగా నిలబెట్టాడు.

గోడ మీదుగా పక్కింటి కాక తొంగిచూశాడు. "ఏంది కొడుకా, కొత్త గని తెరుస్తున్నవా? కొక్కుకు గూడ టోపీ, దీపం ఇప్పియ్యరాదు!"

"నువ్వు జర పక్కకు జరుగు కాకా, గనికి గాలి ఆడుతలేదు."

పొద్దు వాలేసరికి గూడు తగిలింది. అదే క్షణంలో కాలువ ఒడ్డున మట్టి పగిలి, దూడంత పందికొక్కు అత్తమ్మ కాళ్ల సందునుంచి దూసుకుపోయింది. ఆమె కేక విని పై వరుసలో ఎవరో షిఫ్టు కూత అనుకుని డ్యూటీకి బయల్దేరారట.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. "చూసినవా? రెండో తొవ్వ పెట్టుకున్నది! గనికి రెండు తొవ్వలుండాలె."

నేను గూట్లో చెయ్యి పెట్టాను. పొడిగా, ఒకదానిమీద ఒకటి పేర్చిన కంకులు. మా అమ్మ గాదెకు కూడా అంత పొందిక లేదు. ఒళ్లో పోసుకుంటే పందికొక్కు కంపులోంచి మా ఊరి వాసన వచ్చింది. కళ్లు నిండిపోయాయి.

"కంపుకా పిల్లా, ఏడుస్తున్నవు?" అంది అత్తమ్మ.

"అవునత్తమ్మా."

మర్నాడు ఆయన బొక్కలు రెండింటినీ గాజుపెంకులు కలిపిన మట్టితో మూసి, గట్టును సన్నగా చెక్కేశాడు. లావు గట్టయితేనే అది ఇల్లు కట్టుకుంటుందట. ఆ ఏడు మేం ఆ వడ్ల అన్నం వండలేదు. ఉన్నవన్నీ విత్తనానికే.

కొన్నేళ్లకు మోటార్లు ఆగాయి, కాలువ ఎండింది. డబ్బాలో దాచిన వడ్లను చాలా ఆలస్యంగా కుండీలో చల్లాను. ఒక్కటీ మొలవలేదు.

ఇప్పటికీ ఎక్కడైనా తడిగట్టు మీద కొత్తమట్టి కుప్ప కనిపిస్తే ఆగిపోతాను. చుట్టూ చూసి, మడమతో మెల్లగా తడతాను. ఆ దొంగముండ సంతానంలో ఏదో ఒకటి, ఏ డొల్లలోనో మా ఊరిని పొడిగా పేర్చి పెట్టిందేమోనని.