పెద్దమ్మ అడుగుల లెక్క

మస్కట్‌లో మత్రా బజారులోకి మలుపు తిరగగానే సాంబ్రాణి పొగ ముక్కుకు తగులుతుంది. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో దర్జీ దుకాణంలో బట్ట కత్తిరిస్తున్నాను. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి ఎవరొచ్చినా ఈ బజారూ, సముద్రపు ఒడ్డూ, కొండమీది కోటా చూపించేది నేనే. అయితే ఆ పొగ తగిలిన కాసేపు మాత్రం, శ్రావణ మాసపు ముసురులో, ఎమ్మిగనూరులో మా మగ్గాల సందులో ఉంటాను.

శ్రావణం వస్తే ఉరుకుంద ఈరన్న తిరునాళ్లకు పోయే చుట్టాలంతా ముందురోజే మా ఇంట్లో దిగేవాళ్లు. దేవుడి గూట్లోంచి సాంబ్రాణి పొగ, మగ్గం గుంటల్లోంచి తడిమట్టి వాసన, పొయ్యి మీద ఉడికే గంజి వాసన, బొరుగుల ఉగ్గానిలోకి అమ్మ వేసే పచ్చిమిరపకాయ బజ్జీల ఘాటు అన్నీ కలిసిపోయేవి. పిల్లలు అచ్చనగాయలు ఆడుతుంటే నేను లెక్కపెట్టేదాన్ని. ఏడో తరగతితో బడి ఆగిపోయింది గానీ లెక్క ఆగలేదు. మగ్గం దెబ్బలు, గోడ రాళ్లు, ఎవరు ఎన్ని బజ్జీలు తిన్నదీ, అన్నీ నాకు కావాలి.

తుగ్గలికి ఇచ్చిన మా పెద్దమ్మ ఏటా వచ్చేది, ఏటా మా ఇంట్లోనే ఆగిపోయేది. చిన్నప్పుడు పడ్డ దెబ్బకు ఆమె కుడి మోకాలు బిగుసుకుపోయింది, వంగదు. "నువ్వు ఈడే కూసోని ఇల్లు సూసుకోమ్మే, ఆ జనంలో యాడ పడతావో ఏమో" అని అవ్వ ప్రతిసారీ అనేది. అందరూ వెళ్లాక పెద్దమ్మ వాకిట్లో కూర్చుని, వెళ్లే బస్సుల మోత వినేది.

నాకు పదేళ్లప్పుడు ఆమెను ఎలాగైనా బస్సెక్కించాలనుకున్నాను. గడప నుంచి బస్టాండు దాకా నడిచి లెక్కపెట్టాను: నా అడుగులు ఆరు వందల నలభై, కూర్చోవడానికి అరుగులు పదకొండు. నా అడుగుకు ఆమెవి రెండు. ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగాలో కూడా అవ్వకు అప్పజెప్పాను. అవ్వ నవ్వింది. "సరే, మీరిద్దరూ ముందు కదలండి. బస్సు అందితే వస్తాది, అందకపోతే ఎనక్కి. మల్లా ఏ ఏడూ నన్ను అడగొద్దు."

నాలుగు అరుగులు లెక్క ప్రకారమే దాటాం. సందు చివర ఆగిపోయాం. అక్కడ వీధి పొడవునా వెదురు కర్రల మీద, నడుమెత్తున, పడుగు సాగదీసి ఉంది. ముసురు కాస్త తెరిపివ్వగానే చీర నిలువు పోగులన్నీ అలా పరిచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతున్నాడు మద్దిలేటి మామ. పడుగును ఎవరూ దాటరు. మేమంతా కిందినుంచి దూరిపోతాం. పుట్టినప్పటినుంచీ అలాగే దూరి దూరి, అది అడ్డమన్న సంగతే నా లెక్కలోకి రాలేదు. పెద్దమ్మ వంగలేదు. చుట్టి పోతే ఇంకో మూడు వందల అడుగులు, దారిలో ఒక్క అరుగు లేదు.

"మామా, కొంచెం ఎత్తు మామా" అన్నాను ఏడుపు గొంతుతో.

"గంజి తడి మీదుంది, ఎత్తితే పోగులన్నీ అతుక్కుంటాయి పాపా. ఏమక్కా, ఈరన్నను సూడ్డానికి వచ్చినావా, నా గంజిని సూడ్డానికి వచ్చినావా?"

"నీ గంజి మా ఇంటి ఎనుము గూడా తాగదు, పో" అంది పెద్దమ్మ. చీర కుచ్చెళ్లు బిగించి, గోడ పట్టుకుని మెల్లగా నేలమీద కూలబడింది. "వంగలేను గానీ, కూసోని జరగలేనా?" బిగిసిన కాలు ముందుకు చాపి, రెండు చేతులూ నేలకు ఆనించి, బురదలో జానెడు జానెడు జరుగుతూ పడుగు కిందినుంచి అవతలికి పోయింది. వీధి వీధంతా మగ్గాలు ఆపి చూసింది. కొప్పుకు గంజి అంటింది. ఒక్క పోగు తెగలేదు. అవతలి వైపు మద్దిలేటి మామే చెయ్యిచ్చి లేపాడు.

బస్సు అందింది. పెద్దమ్మ బురద చీరతోనే ఈరన్నను చూసింది. ఆ తర్వాత ఏ ఏడూ అవ్వను అడగలేదు, తనే ముందు కదిలేది.

ఇప్పుడు ఎమ్మిగనూరు పోతే మా వీధిలో పడుగులు లేవు. అరుగులు కొట్టేసి షట్టర్లు దింపారు. పెద్దమ్మా లేదు. వచ్చే శుక్రవారం ఆమె కూతురు ఈరక్క కొడుకుతో కలిసి మస్కట్ వస్తోంది. ఆమెకు ఇప్పుడు రెండు మోకాళ్లూ అరిగాయట. "మేం కోట ఎక్కొస్తాంలే చిన్నమ్మా, అమ్మ కారులో కూసుంటాది" అన్నాడు ఫోన్లో ఆమె కొడుకు.

"కూసోదు" అన్నాను.

ఈరోజు సాయంత్రం రెండు కాళ్లూ వంచకుండా బజారు నుంచి కోట వైపు నడిచాను. నావి కావు, ఈరక్క అడుగులు లెక్కపెట్టాలి కదా. నా నడక చూసి సాంబ్రాణి అమ్మే ముసలాయన, కాళ్లు నొప్పా అన్నట్టు సైగ చేసి స్టూలు జరిపాడు. కూర్చున్నాను. కోట మెట్లకు ఇవతల, రెండు వందల పద్నాలుగో అడుగు దగ్గర, కూర్చోవడానికి ఒక చోటుందని రాసుకుని లేచాను.