ఎర్రచీమల పేపరుకి జర్నల్ వెతికిన రోజులు

నేను టెక్కలిలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా అక్క మొగుడు అదే కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాడు. ఇద్దరం కాశీబుగ్గలో ఒకే వీధిలో ఉంటాం, ఒకే బస్సెక్కుతాం. నేనాయన్ని బావా అంటాను, ఆయన నన్నూ బావా అనే అంటాడు. కాలేజీలో పిల్లల ఎదుట మాత్రం ఒకరినొకరు సార్ అనుకుంటాం. అలా అన్నప్పుడల్లా ఇద్దరికీ నవ్వొస్తుంది, ఆపుకుంటాం.

ఇద్దరం కలిసి ఒక పరిశోధన పేపరు రాశాం. ఉద్దానంలో జీడిచెట్ల మీద ఆకుల్ని అతికించి గూళ్ళు కట్టుకునే ఎర్రచీమలుంటాయి. ఆ చీమలున్న చెట్లకి టీ దోమ బెడద తక్కువని నాకు చాలాకాలంగా అనుమానం. టీ దోమ అంటే మనల్ని కుట్టే దోమ కాదు, జీడి లేతచిగురునీ పూతనీ పీల్చి మాడ్చేసే పురుగు. పూత కాలమంతా ఆదివారాలు అక్కుపల్లి దగ్గర ఒక రైతు తోటలో తిరిగాం. చిగుళ్ళు చూసి నేను చెబుతుంటే బావ రాసుకునేవాడు. చీమలు ఎందుకో నన్ను వదిలేసి బావనే పట్టుకునేవి.

"లెక్కలు సెప్పుకునీవోడికి ఈ తోటలేటి బావా, ఈ కుట్టించుకోడాలేటి," అంటూ చొక్కా విప్పి దులుపుకునేవాడు. మళ్ళీ ఆదివారం పొద్దున్నే నాకంటే ముందు తయారయ్యేదీ ఆయనే.

రాయడం బాగానే అయింది. ఎక్కడికి పంపాలన్న దగ్గరే తంటా వచ్చింది.

మొదట నా మాటే నెగ్గింది. పీహెచ్‌డీ చేసే రోజుల్లో యూనివర్సిటీ లైబ్రరీలో ఒక విదేశీ జర్నల్ ఉండేది. దాని అట్ట ముట్టుకోవాలన్నా చేతులు కడుక్కోవాలనిపించేది. అందులో నా పేరు కనబడాలని అప్పట్నుంచీ ఒక ఆశ. శనివారం సాయంత్రం పంపాను. ఆదివారం పొద్దున మా ఆవిడ టీ గ్లాసు చేతికిచ్చేసరికి జవాబు వచ్చేసింది.

"మంచి కబురేనా?" అంది.

"త్వరగా వచ్చిన కబురు," అన్నాను.

సంపాదకుడు చాలా మర్యాదగానే రాశాడు. మీరు శ్రద్ధగా పనిచేసినట్టున్నారు, కానీ మా పత్రిక కీటకాల సామూహిక జీవనం మీద సిద్ధాంత చర్చల కోసం. పంటల రక్షణ మా పరిధిలోకి రాదు. ఆ సంగతి మా మొదటి పేజీలోనే ఉంది, గమనించగలరు.

సోమవారం బస్సులో బావకి ఫోను చూపించాను.

"పరిధి అని రాసున్నాదన్నమాట. నువ్వు సదివినావా?"

"లేదు."

"మరేటి సూసి పంపీసినావు?"

"పేరు సూసి."

బావ నవ్వడం మొదలుపెట్టాడు. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, కండక్టరు చూశాడు, అయినా ఆగలేదు. ముందు ఒళ్ళు మండినా కాసేపటికి నాకూ నవ్వొచ్చేసింది.

ఆ వారంలోనే బావకి ఒక ఈమెయిల్ వచ్చింది. మహనీయులైన ప్రొఫెసర్ గారికి అని మొదలు. మీ అమూల్యమైన రచనల్ని మేం ఎంతో ఆసక్తితో గమనిస్తున్నాం, మా అంతర్జాతీయ జర్నల్‌కి మీ పరిశోధన పంపితే ధన్యులమవుతాం అని వరస. బావది అప్పటిదాకా ఒక్క పేపరూ అచ్చుకాలేదు. వాళ్ళు గమనిస్తున్న అమూల్యమైన రచనలేవో వాళ్ళకే తెలియాలి. పైగా ఇంటిపేరునీ అసలు పేరునీ తిరగేసి రాశారు. పళ్ళ వైద్యం, వంతెనల నిర్మాణం, యోగా, కీటకాలు, అన్నీ ఆ ఒక్క జర్నల్‌లోనే వేస్తారట.

"ఇది నమ్మేలా లేదు బావా," అన్నాను.

"నువ్వెల్తే తలుపేసీసినారు. ఈళ్ళు మనింటికొచ్చి పిలుత్తన్నారు. ఎవులు మంచోళ్ళో నువ్వే సెప్పు."

నేను మళ్ళీ కాదనకపోయేసరికి ఒప్పుకున్నాననుకున్నాడు. నాకు చెప్పకుండా పంపేశాడు.

రెండోనాడు ఇంటికొస్తున్నాం. నందిగాం దాటుతుండగా ఆయన ఫోను మోగింది. చూసుకుని కిటికీ పక్కన నిటారుగా కూర్చున్నాడు.

"బావా, మనది తీసుకున్నారు."

"మనది ఏది?"

"సీమల పేపరు. ఇను." గొంతు సవరించుకుని చదివాడు. ఇద్దరు నిపుణులు మీ పత్రాన్ని కూలంకషంగా పరిశీలించారు. పరిశోధనలోని కొత్తదనాన్ని ఎంతో మెచ్చుకున్నారు. ఉపోద్ఘాతం కాస్త పెంచి, కింద ఇచ్చిన ఖాతాకి రుసుము పంపితే వచ్చే సంచికలోనే వేస్తాం.

రెండు రోజుల్లో కూలంకషంగా పరిశీలించిన నిపుణులెవరో నాకు అర్థం కాలేదు. "ఏం పంపావో ఓసారి చూపించు," అన్నాను. బావ తను పంపిన ఫైలు తెరిచాడు. తెరిచి, వెంటనే ఫోను బోర్లా పెట్టేశాడు. లాక్కుని చూశాను.

అది రెండో సెమిస్టర్ స్టాటిస్టిక్స్ ఇంటర్నల్ పరీక్ష ప్రశ్నపత్రం. పైన కాలేజీ పేరు, కింద "ఏవైనా ఐదు ప్రశ్నలకు సమాధానములు వ్రాయుము." రెండు ఫైళ్ళూ ఒకేచోట పెట్టుకుని, ఒకదాని బదులు ఒకటి అంటించాడు. చీమల ఊసు ఎక్కడా లేదు. నిపుణులు మెచ్చుకున్న కొత్తదనం ఇదన్నమాట.

నవ్వడం ఈసారి నా వంతు. బావ ఫోను లాక్కుని జేబులో పెట్టేసుకున్నాడు. బస్సు దిగాక మాత్రం, "ఏ మాటకామాటే సెప్పాల బావా, ఆ పేపరు నాను బాగానే సెట్ సేసినాను," అన్నాడు. ఆ రాత్రే వాళ్ళకి వద్దని రాసేశాడు. మహనీయుల్ని పిలిచే ఈమెయిళ్ళు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

తరవాతి ఆదివారం అక్కావాళ్ళ డాబా మీద కూర్చున్నాం. జీడిపప్పు కూర తెచ్చి పెట్టి, "ఇదైనా సూసి తినండి, ఒకదాని బదులు ఒకటి తినీగలరు," అని అక్క కిందకెళ్ళిపోయింది. బావ అప్పటికే ఆవిడకంతా చెప్పేశాడన్నమాట.

"రెండు మూడు జర్నల్స్‌కి ఒక్కసారే పంపీద్దుమా? ఎవులొకరు తీసుకుంతారు," అన్నాడు.

"కుదరదు. ఒకళ్ళు తేల్చేదాకా ఇంకొకళ్ళకి పంపకూడదు. అది పద్ధతి."

బావ మా పేపరు చివరి పేజీలు తిరగేస్తున్నాడు. మేం చదివి ఆధారంగా తీసుకున్న పేపర్ల వివరాలుంటాయి అక్కడ. ఆయనకి ఏదైనా కనబడితే లెక్కపెట్టడం అలవాటు. పెన్సిలు పెట్టి గీతలు గీస్తూ పోయి ఒకచోట ఆగాడు.

"మనం సదివినవాట్లో సగానికి సగం ఒక్క జర్నల్‌లోయే బావా. మనం ఎక్కడ సదువుతన్నామో, మనల్ని సదివీవోళ్ళూ అక్కడే ఉంతారు కదా."

ఇన్నాళ్ళూ నేను అట్టలు చూస్తూ వచ్చాను గానీ ఆ దిక్కున ఆలోచించనేలేదు. అది మన దేశంలోనే తోటపంటల శాస్త్రవేత్తలు నడుపుకుంటున్న చిన్న జర్నల్. వెబ్‌సైటు చూస్తే ఎప్పుడో కట్టి సున్నం వెయ్యడం మర్చిపోయిన ఇల్లులా ఉంది. సమీక్షకి, అంటే నిపుణులు చదివి తప్పొప్పులు చెప్పడానికి, నెలలు పడతాయని ముందే చెప్పేశారు. సంపాదకుల పేర్లు వెతికితే నిజంగానే ఫలానా చోట పనిచేస్తున్న మనుషులని తేలింది. ఈసారి వాళ్ళ పరిధి పేజీని బావ సత్యనారాయణ వ్రతకథ చదివినట్టు గట్టిగా, ఒక్క ముక్క వదలకుండా చదివాడు. నేను అక్షింతలు పట్టుకున్నవాడిలా కూర్చుని విన్నాను. పాత సంచికలు కూడా తిరగేశాం. జీడితోటల మీద చాలా ఉంది గానీ, మా ఉద్దానం ఇసక నేలల తోటల గురించి ఎవరూ రాయలేదు. పంపే ముందు ఫైలు తెరిచి ఇద్దరం విడివిడిగా చూశాం.

జవాబు వచ్చేసరికి వానాకాలం దాటిపోయింది. ఒక సమీక్షకుడు బాగుందని నాలుగు ముక్కలు రాశాడు. రెండో ఆయనో, ఆవిడో, పేజీలకి పేజీలు రాశారు. పేరు చెప్పరు కనుక ఇప్పటికీ తెలియదు. ప్రతి వాక్యం చదివారు. ఒక పట్టికలో కూడిక తప్పని పట్టుకున్నారు. అది బావ కూడినది. ఆయన ముఖం మాడ్చుకుని నాతో మాట్లాడ్డం మానేశాడు, తప్పు పట్టింది నేనయినట్టు.

అసలు దెబ్బ ఆ తరవాత ఉంది. మీ ప్రాంతంలో తుపానుకి చెట్లు కూలిపోయాక మళ్ళీ నాటిన తోటలున్నాయి కదా, చీమల గూళ్ళున్న చెట్లన్నీ ముదురువీ, లేనివన్నీ లేతవీ అయితే, తేడా చీమల వల్లా, వయసు వల్లా? ఇదీ ప్రశ్న.

ఆ మాట బస్సులో మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ముఖం ఎరగని మనిషి ఎక్కడో కూర్చుని మా తోటలోకి నడిచి వచ్చి, మేం చూడనిది చూసి చెప్పినట్టుంది. బాధగా లేదు. ఇంత శ్రద్ధగా నా రాత ఎవరైనా చదవడం అదే మొదటిసారి.

బావకి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, అలక మర్చిపోయి, "ఈ మనిషెవులో గానీ, లెక్క తెలిసినోడు బావా," అన్నాడు.

ఆ ఆదివారమే అక్కుపల్లి వెళ్ళాం. తోట రైతుని మేం మావా అని పిలుస్తాం. సంగతి చెబితే ఆయన మమ్మల్ని తోటంతా తిప్పాడు.

"ఇటేపువి తుపానుకి ఆగినవి. అటేపువి మళ్ళీ ఏసినవి. కొత్తవాట్లో కూడా ఆ దిబ్బ కాడ సీమలు పట్టినాయి, సూడండి. మరి మళ్ళీ పూతదాకా వత్తారా బాబూ?"

"రావాలి మావా," అన్నాను.

బావ తన చొక్కా చేతుల గుండీలు పెట్టేసుకుంటూ, "ఈసారి నాను దూరంగా నిలబడి రాత్తాను," అన్నాడు.

ఇంకో పూత కాలం గడిచింది. ఒకే వయసు చెట్లని పక్కపక్కన పెట్టి చూస్తే చీమల వల్ల మేలు మేం మొదట అనుకున్నంత లేదు. కానీ ఉంది. ఉన్నంతే రాశాం. ఆ పేరు తెలియని మనిషికి చివర్లో కృతజ్ఞతలు చెప్పాం. పేపరు అచ్చయింది. అక్క చూసి, "రెండేళ్ళు తిరిగి ఇంతేనా?" అంది గానీ, తను పాఠాలు చెప్పే స్కూల్లో తోటి టీచర్లందరికీ చూపించిందని తరవాత తెలిసింది.

కొన్నాళ్ళకి ఇచ్ఛాపురం అవతల, ఒడిశా జీడితోటల్లో పనిచేస్తున్న ఒక పరిశోధక విద్యార్థిని నుంచి ఈమెయిల్ వచ్చింది. మీ పేపరు ఆ జర్నల్‌లో చూశాను, మా నేలలూ మీ నేలల్లాంటివే, చెట్ల వయసు మీరెలా విడదీశారో కాస్త వివరంగా చెప్పగలరా అని అడిగింది. నేను జవాబు రాయబోతే బావ లాప్‌టాప్ తనవైపు తిప్పేసుకున్నాడు.

"అది లెక్కల ప్రశ్న. నువ్వు లెగు," అన్నాడు.

రాస్తూనే ఉన్నాడు. మధ్యలో అక్క వచ్చి భోజనానికి పిలిచింది, వెళ్ళలేదు. ముగించాక చూస్తే ఆ జవాబు మా పేపరు కంటే పొడుగుంది.