కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి

మా నాన్న బాప్టిస్టు సంఘంలో పెద్ద. దయ్యాల కబుర్లు మా ఇంట్లో సాగేవి కావు. ఫలానా ఇల్లు మంచిది కాదని ఎవరూ దిగకపోతే, తక్కువ అద్దెకు దొరికిందని సంతోషించి అందులో చేరిన కుటుంబం మాది. నేనూ అలాగే పెరిగాను. కోవిడ్‌కు ముందు ఏడాది జరిగిన ఈ సంగతి అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మేం తాతల నాడే బర్మా వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళం. అప్పుడు నేను ఒకప్పటి రంగూన్, ఇప్పటి యాంగోన్‌లో, చౌక్తడా వైపు ఒక ట్రావెల్ ఆఫీసులో పనిచేసేదాన్ని. జాంబియా నుంచి ఒకావిడ వచ్చింది. పేరు చంద. బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఇక్కడ పెద్దావిడలను పిలిచినట్టే ఆమెను 'డో చంద' అన్నాను. ఆ పిలుపు ఆమెకు నచ్చింది.

జాంబియాను తెల్లవాళ్ళు ఏలినప్పుడు ఉత్తర రొడీషియా అనేవారు. అక్కడి కుర్రాళ్ళను సైన్యంలో చేర్చి, జపాన్‌తో యుద్ధానికి బర్మా తెచ్చారు. చంద తాత, ఆయన తమ్ముడు అలా వచ్చినవాళ్ళే. తాత తిరిగి వెళ్ళాడు. తమ్ముడు అరకాన్ అడవుల్లో పోయాడు. సమాధి లేదు. యాంగోన్ ఊరవతల యుద్ధ శ్మశానంలో రాతి స్తంభాల మీద వేల పేర్లు చెక్కి ఉన్నాయి. వాటిలో ఆయన పేరు వెతకడానికి ఆమె వచ్చింది.

ఇంట్లో అందరికీ ఆయన పీటర్‌గానే తెలుసు. మిషన్ బడిలో పెట్టిన పేరది. పొద్దుటినుంచి ఎండలో వెతికాం. ఆయన పటాలం కింద ఆ పేరు లేదు. ఆమెను అలా హోటల్లో దింపి రావడానికి మనసొప్పక, బోటాటౌంగ్‌లో మా ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాను.

మాది పాతకాలపు బిల్డింగులో మూడో అంతస్తు. వంటింటి కిటికీ అవతల నిలబడే చోటే లేదు. కింద సందు, అంతే. మాతోనే ఉండే అమ్మమ్మకు అప్పటికే చూపు బాగా తగ్గింది. తెలుగు, బర్మీస్ తప్ప ఆమెకు మరో భాష రాదు.

చేపల పులుసు వడ్డించి, ప్రార్థన చేసి కూర్చున్నాం. అమ్మమ్మ అన్నం కలుపుతూ ఆగిపోయింది.

"కిటికీ కాడ ఎవులే?" అంది.

"ఎవరూ లేరమ్మమ్మా."

"ఉన్నాడు. టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తలుపుండగా కిటికీ కాడ నిలబడ్డాడేటి? లోనికి రమ్మను."

వయసుతో వచ్చిన భ్రమ అనుకుని, నవ్వుతూ చందకు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నవ్వలేదు. చేతిలో ముద్ద కంచంలో పెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

వాళ్ళ దేశంలో ఆ రోజుల్లో తెల్లవాళ్ళ కొట్లలోకి నల్లవాళ్ళను రానిచ్చేవారు కారట. పక్కగోడకు చిన్న కిటికీ ఉండేది. టోపీ తీసి అక్కడ నిలబడి, ఇచ్చింది పుచ్చుకోవాలి. యుద్ధం నుంచి వచ్చాక ఆమె తాత రాగి గనిలో చేరాడు. ఒకరోజు మాంసం కొట్టులోకి ముందు తలుపు గుండా నడిచాడు. కొట్టి బయట పడేశారు. మళ్ళీ వెళ్ళాడు. జైల్లో పెట్టారు. వదలగానే నేరుగా అదే తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఆయన జైల్లో ఉన్నప్పుడు ఆమె నాయనమ్మ పేటలోని ఆడవాళ్ళను కూడగట్టి, కొట్టు ముందు నిలబడి ఎవరినీ కొననివ్వలేదు. ఏళ్ళు పట్టింది గాని, ఆ కిటికీలు మూతపడ్డాయి.

వింటున్నంతసేపూ నా ఒళ్ళు గగుర్పొడిచింది. అది భయం కాదు. అలాంటి మనుషుల మనవరాలు మా బల్ల దగ్గర కూర్చుందన్న గౌరవం.

"తాత తలుపు గుండా వెళ్ళాడు. పీటర్ తాతకు కిటికీ ఒక్కటే తెలుసు" అంది చంద.

"ఏటంటంది?" అని అమ్మమ్మ అడిగితే అంతా తెలుగులో చెప్పాను. ఆమె గోడ పట్టుకుని లేచి, వెళ్ళి తనే ముందు తలుపు తీసింది.

"రా నాయినా. ఇలగ రా, బోజనం సేద్దూగాని."

చంద కూడా లేచి నిలబడి తన భాషలో ఏదో అంది. అమ్మమ్మ తన పక్కన మరో కంచం పెట్టించింది. ఖాళీ కుర్చీ వైపు తిరిగి పేరు అడిగింది. తర్వాత మాతో అంది, "సిలుపియా అంటన్నాడు. అదేం పేరే?"

చంద బల్ల అంచు పట్టుకుంది. "చిలుఫ్య" అంది మెల్లగా. అది తమ వైపు పేరేనట. కానీ తమ ఇంట్లో ఆ పేరు ఎవరికీ ఉన్నట్టు ఆమె వినలేదు.

ఆ కంచంలో అన్నం అలాగే ఉంది. అది కూడా చెప్పాలి.

సాయంత్రం చంద తమ ఇంట్లో అందరికన్నా పెద్దదైన మేనత్తకు ఫోన్ చేసింది. చిలుఫ్య ఎవరని అడిగింది. "పీటర్ బాబాయిని వాళ్ళమ్మ అలా పిలిచేది. నీకెవరు చెప్పారు?" అందట ఆవిడ.

మర్నాడు ఆ పేరు దొరికింది. ముందురోజు మేము చూసిన స్తంభం మీదే. ఆ పటాలంలో చిలుఫ్య ఒక్కడే. చంద ఆ అక్షరాల మీద అరచేయి ఆనించి, ఎండ నెత్తికెక్కేదాకా తన భాషలో మాట్లాడుతూనే ఉంది.

అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. కిటికీ కథ అప్పటికి నాకే తెలియదు. ఆ పేరు చందకే తెలియదు. తర్వాత ఒకసారి, భయం వెయ్యలేదా అని అమ్మమ్మను అడిగాను.

"అన్నానికొచ్చినోడికి బయపడతారేటి?" అంది.

ఆమె ఇప్పుడు లేదు. దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే లేవనే అంటాను. మరి ఆ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చిందెవరంటే, నాకు ఈనాటికీ తెలియదు.